చెత్తబుట్టని పలకరించే టీచర్

జూన్ 14, సోమవారం

సహాయకురాలు సుగుణ, రెండో తరగతి, కట్ట మీద బడి. పిల్లలు వెళ్ళిపోయాక ఇలా గోడ ముందు నిలబడి ఆ రోజు ఏం జరిగిందో చెప్పి పోవాలని రూలు. గోడ వింటుంది, దాచుకుంటుంది. మనిషన్నవాడు ఎవడూ వినడని నాకు చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. అప్పట్నించి నాకు నోరు బాగా లేచింది.

ఈరోజు బడి తెరిచాం. ఎండ సైరన్ మోగేలోపు పిల్లల్ని ఇళ్ళకి చేర్చాలి కాబట్టి చీకటితోనే మొదలు. నిద్రమొహాలు, చెవుల మీదికి కారుతున్న కొబ్బరినూనె, మెడలో తడిగుడ్డలు. ముగ్గురు ఏడ్చారు. తవుడు అని ఒకడు నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు. పై పళ్ళు రెండూ లేవు. ఏడవడం ఆపి, ఆ సందులోంచి నాలిక బయటపెట్టి చూపించాడు. నేను కూడా చూపించాను. ఆ తరవాత ఏ గొడవా లేదు.

బొమ్మ టీచర్ వేళ తప్పకుండా వెలిగింది. సన్యాసమ్మ గారని ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పేరుమోసిన పంతులమ్మ. ఆవిడ పాఠం చెబుతుండగా ఒక ఏడాది పొడుగునా వెలుగు బొమ్మగా అచ్చు తీసి, ఆ అచ్చుని ఇప్పుడు అన్ని బడుల్లోనూ నిలబెట్టారు. మనిషెత్తు ఉంటుంది. నీలం నేతచీర, మోచేతికి అంటిన సుద్దపొడితో సహా. పాఠం ఆవిడ చెబుతుంది, లెక్క తప్పితే ఆవిడే దిద్దుతుంది. ముక్కులు తుడవడం, బొత్తాలు పెట్టడం, చిటికెన వేలు చూపించినవాణ్ణి పరుగున బయటికి తీసుకెళ్ళడం నా పని. పిల్లలు నన్ను అక్కా అనాలి. మరిచిపోయి టీచర్ అనేస్తారు. నేను దిద్దను.

హాజరు కూడా ఆవిడదే. ఒక్కో బల్ల వైపూ చూస్తుంది. పిల్ల లేచి "వచ్చాను" అంటుంది. ఆవిడ నవ్వుతుంది. ఆ చూపు ఎవరి మీద పడితే వాళ్ళు వచ్చినట్టు. మధ్యలో ఒకచోట మాత్రం ఆవిడ నడుము పక్కకి వంచి, మెడ సాచి, వెనక మూలనున్న చెత్తబుట్టని చూసి, "అక్కడున్నావా? కనబడ్డావులే" అంటుంది. రోజూ అంతే. ఎందుకో ఎవరికీ తెలీదు. ఆదర్శ భంగిమ అని చెప్పి శిక్షణలో మా చేత కూడా అలా వంగించారు. నాకు ఒక వారం నడుం పట్టేసింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. "టీచర్‌కి సెత్తబుట్టంటే ఇష్టం" అన్నాడు తవుడు.

జూన్ 17, గురువారం

సముద్రం మింగిన పక్క ఊరి బడిని మాలో కలిపారు కనక ఈసారి ఒక బల్ల ఎక్కువైంది. చెత్తబుట్టకి ముందున్న ఖాళీలో వేశారు. దాని మీద నూకరత్నం అనే పిల్ల ఒక్కతే కూర్చుంటుంది.

ఈరోజు వాళ్ళ నాన్న సింహాద్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కట్ట పొడుగునా పరిచిన, కరెంటు పుట్టించే ఎండపలకలు కడిగే మనిషి. మోచేతుల దాకా చర్మం కమిలి, పొరలు పొరలుగా లేచి ఉంది. మణికట్టు పట్టీ నాకు చూపించాడు.

"అమ్మా, సీకటితో లేపి, జడేసి, బుజం మీద ఎక్కించుకొని తెచ్చి ఈ గుమ్మం కాడే దింపినాను. పిల్ల బడికి రాలేదని రోజూ కబురొస్తంది. ఏటిది?"

"వచ్చిందయ్యా. నేను చూశాను. ఏదో పొరపాటు, సరి చేయిస్తాను" అన్నాను.

అప్పుడు గమనించాను. హాజరు వేళ బొమ్మ టీచర్ చూపు పక్క బల్ల దాకా వచ్చి, నూకరత్నం మీదుగా జారి, అవతలి బల్ల మీద పడింది. పిల్ల నిలబడే ఉంది. "వచ్చాను" అంది. ఇంకొంచెం గట్టిగా అంది. టీచర్ వంగి చెత్తబుట్టని పలకరించింది. అందరూ నవ్వారు. తనని చూసి నవ్వుతున్నారనుకుంది కాబోలు, ఆ పిల్ల కూర్చుండిపోయింది.

జూన్ 21, సోమవారం

హెడ్మాస్టర్ పాణిగ్రాహి గారు చెడ్డవాడు కాదు. ఆయనకి పింఛను దగ్గరకొచ్చింది, అంతే.

"పిల్ల రోజూ వస్తోందండీ, నా కళ్ళతో చూస్తున్నాను" అన్నాను.

"మీ కళ్ళు లెక్కలోకి రావండి సుగుణ గారూ. ఆ మాటకొస్తే నావీ రావు" అన్నారు. పైకి రాశాననీ, జవాబు రావాలనీ చెప్పారు. బల్ల తీసేసి పిల్లని ఇంకొకరి పక్కన ఇరికిద్దామంటే కుదరదు, బల్లకి ఒక్కరే ఉండాలి. బల్లలు జరపనూ కూడదు, నేలకి బిగించి ఉంటాయి.

దసరా లోపు సగం రోజులైనా హాజరు లేకపోతే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేసిన పిల్లలు పనిబడికి వెళ్ళాలి. అక్కడ అక్షరాలుండవు. ఎండపలకలు కడగడం నేర్పుతారు, ఎండలోనే. బడి అని పేరెందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియాలి.

జూలై 2, శుక్రవారం

తవుడికి ఒక పన్ను మొలిచింది. బియ్యపు గింజంత. తరగతి మొత్తం వరసకట్టి చూసింది. నన్ను ముట్టుకోనిచ్చాడు. ఇలాంటి రోజున ఈ ఉద్యోగం ఇంకొకరికి ఇమ్మంటే ఇవ్వను.

నూకరత్నానికి కూడికలు చకచకా వచ్చేస్తాయి. చెయ్యెత్తి ఎత్తి, రెండో చేత్తో ఆ చేతికి ఆసరా ఇచ్చి మరీ ఎత్తుతుంది. బొమ్మ టీచర్ అందర్నీ అడుగుతుంది. అందరికీ శభాష్ చెబుతుంది. ఈ పిల్ల ఉన్నచోట గాలే ఉన్నట్టు చూసి సాగిపోతుంది. నేను వెనక నించి వెళ్ళి చెవిలో శభాష్ అన్నాను. పిల్ల నా వైపు తిరగలేదు. టీచర్ ఎప్పుడు అంటుందా అని అటే చూస్తోంది. నాకు కష్టమనిపించింది, నా కోసం కాదు అని చెబితే అబద్ధం.

ఇంటికి పోయేముందు నా కొంగు లాగింది. "టీచర్, నేను నిల్చోడం తప్పా? ఎలాగ నిల్చోవాలి?"

నువ్వు బాగానే నిలబడుతున్నావని చెప్పాను. మరి బొమ్మ టీచర్ ఎందుకు నవ్వదు అంది.

జూలై 15, గురువారం

పోయిన వారం నించి నూకరత్నం బల్ల మీద రోజుకొకర్ని కూర్చోబెడుతూ వచ్చాను. ఎవరి మొహం ఎక్కడున్నా టీచర్ గుర్తుపడుతుంది కదా, ఆ గైర్హాజరు అందరం తలాకొంచెం పంచుకుందామని. నూకరత్నం ముందు బల్లకి వెళ్ళింది. బొమ్మ టీచర్ ఆ పిల్లని చూసి మొదటిసారి నవ్వింది. పిల్ల "వచ్చాను" అనడం మరిచిపోయి అలా నిలబడిపోయింది. ఆ వారం నా నడకే మారిపోయింది.

ఈరోజు తల్లులు మీద పడ్డారు. ఎవరి పిల్ల ఆ బల్ల మీదుంటే వాళ్ళ పట్టీకి బడికి రాలేదని కబురు. ఒకావిడ పని వదిలేసి, పిల్ల కట్ట దాటి నీళ్ళలోకి పోయిందేమోనని తీరమంతా వెతికిందట. "మీ సరదాకి మా గుండెలాగిపోవాలా?" అంది. ఆవిణ్ణి తప్పుపట్టలేను.

పాణిగ్రాహి గారు అందర్నీ పంపేసి తలుపు వేశారు. "పోతే ఒక్క పిల్ల పోతుంది. ఊరందర్నీ ఎందుకండీ కలుపుతారు?"

ఎవరి బల్ల వాళ్ళకి వచ్చేసింది. నూకరత్నం పుస్తకం సంచీ తీసుకుని తన చోటికి తను వెళ్ళింది. అలా వెళ్ళడం చూసి నాకు ఒళ్ళు మండింది.

ఆగస్టు 1, ఆదివారం

గోడా, ఈరోజు సెలవైనా వచ్చాను. ఒక సంగతి చెప్పాలి.

సన్యాసమ్మ గారు బతికే ఉన్నారు. మూడో వరస ఇళ్ళలో, చెల్లెలి కూతురి దగ్గర. ఎవరికీ తట్టలేదు. నాకూ నిన్నటిదాకా తట్టలేదు. రోజూ కళ్ళెదుట కనబడే మనిషిని ఇంకోచోట ఎవరు వెతుకుతారు? వెళ్ళేసరికి చాపమీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు. బొమ్మలో సగమే ఉన్నారు. ఆ మోచెయ్యి చూడగానే నాకు తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"కూకోమ్మా. నేనింకా పాటం సెబుతన్నానా అక్కడ?" అని నవ్వారు. "ఆ నీలం చీర ఉందా? అది సిరిగిపోనాది. గిన్నెలు దించుకోడానికి మసిగుడ్డ సేసీసినాను."

నా గోడు చెప్పాను. వంగడం దగ్గరికి రాగానే చేట పక్కన పెట్టేశారు.

"మా బడి పాత దాన్యం గొడౌను కదమ్మా. మద్దిలో పెద్ద స్తంబం. దాని ఎనకాల ఓ గుంటడు కూకునీవోడు. కనబడీవోడు కాదు. అందుకని రోజూ ఒంగి సూసీదాన్ని. కనబడ్డావులే అనకపోతే ఆ పూటంతా ఏడ్సీవోడు. స్తంబం తీసీమని ఎన్ని అర్జీలెట్టినానో. తీస్తే కప్పు పడిపోద్దన్నారు."

నూకరత్నం బల్ల ఉన్నచోట ఆవిడకి స్తంభం ఉండేది, చెత్తబుట్ట ఉన్నచోట ఆ పిల్లాడు. స్తంభాన్ని ఎవరైనా లెక్కలడుగుతారా?

ఆగస్టు 2, సోమవారం

సన్యాసమ్మ గారు కర్ర పట్టుకుని తనే వచ్చారు. హెడ్మాస్టర్‌తో మాట్లాడతానన్నారు. మా గేటు మొహాలు చూసి తెరుచుకుంటుంది. ఆవిడ మొహం చూసి తెరుచుకోలేదు. సన్యాసమ్మ టీచర్ ఇప్పటికే లోపల ఉన్నారని చెప్పింది.

ముందు ఆవిడ నవ్వారు. మళ్ళీ నిలబడ్డారు. గేటు మళ్ళీ అదే మాట చెప్పింది. లోపల్నించి ఆవిడ గొంతే రెండో ఎక్కం చెప్పిస్తోంది. కాసేపు చెవి ఒగ్గి విని, "గొంతు బాగుండేది నాకు" అని వెనక్కి తిరిగారు. ఇంటిదాకా దింపి వచ్చాను.

ఆగస్టు 9, సోమవారం

కనబడింది.

చెత్తబుట్ట పక్కన చాప వేసి నూకరత్నాన్ని దానిమీద కూర్చోబెట్టాను. బుట్ట జరపలేను, అదీ నేలకి బిగించిందే. కడిగి, పైన నా తువ్వాలు కప్పాను. సింహాద్రికి ముందే చెప్పాను, స్తంభం కథంతా చెప్పాను. "కనబడితే సాలమ్మా" అన్నాడు.

బొమ్మ టీచర్ వంగింది, మెడ సాచింది. "అక్కడున్నావా? కనబడ్డావులే." పిల్ల లేచి నిలబడి, "వచ్చాను టీచర్. రోజూ వచ్చాను" అంది. టీచర్ నవ్వింది. తరగతంతా చప్పట్లు కొట్టింది. తవుడు బల్లెక్కి కొట్టాడు, దింపలేకపోయాను. సింహాద్రి పట్టీకి పిల్ల బడికొచ్చిందని కబురెళ్ళింది. అతను ఎండపలకల దగ్గర్నించి మా కిటికీ వైపు చెయ్యెత్తాడు.

గోడా, ఈ పూట నేను పాట పాడుకుంటూ ఇంటికెళ్తాను.

ఆగస్టు 30, సోమవారం

మొన్న తనిఖీకి వచ్చినవాళ్ళు ఎవర్నీ ఏమీ అడగలేదు. వచ్చారు, గుమ్మంలోంచి ఫొటో తీశారు, వెళ్ళారు. సాయంత్రానికి ఆ ఫొటో అందరి పట్టీల్లోనూ ఉంది. అందరికీ బల్లలు, ఒక పిల్ల మాత్రం నేలమీద, చెత్తబుట్ట పక్కన. నా మొహం కూడా పడింది, నవ్వుతూ.

పిల్లని అవమానించానని నామీద ఫిర్యాదు. కింద సంతకం సింహాద్రిది.

అతని దగ్గరికి వెళ్ళాను. పలకలు కడిగే గొట్టం చేతిలో పట్టుకుని తల దించుకున్నాడు. "మీరు సెప్పినారమ్మా, నాకు తెలుసు. కాని ఆ పొటో ఊరంతా సూసినాక నా మనసు ఊరుకోలేదు. మా అమ్మని కూడా బడిలో ఇలాగే మూల కూకోబెట్టీవోరంట. సచ్చిపోయిందాకా సెప్పుకునీది. సంతకం ఎట్టమన్నారు, ఎట్టీసినాను."

నాకు కోపం రావాలి. రాలేదు. అది ఇంకా చేదుగా ఉంది.

సెప్టెంబరు 6, సోమవారం

పోయిన వారం విచారణలో ఉన్నదున్నట్టు చెప్పాను. స్తంభం సంగతి విని ముగ్గురు ఆఫీసర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాడే కొలిచేవాళ్ళు వచ్చారు. నేను చెప్పింది నిజమేనని తేలింది. మా బడిలోనే కాదు, బల్ల ఎక్కువైన ప్రతి బడిలోనూ అంతే. ఎక్కడికక్కడ ఒక్కో పిల్ల, రోజూ వస్తూ, రానట్టు.

కొలతలు తీసిన కుర్రదానికి టీ ఇచ్చాను. "ఇక సరి చేసేస్తారండీ" అంది. నమ్మాను. ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి కూడా నమ్మాను, చూడు.

సెప్టెంబరు 20, సోమవారం

ఉత్తరువు వచ్చింది. అచ్చులో తప్పేమీ లేదట. గదులే తప్పుగా ఉన్నాయట. ఆదర్శ టీచర్‌కి తగ్గట్టు ప్రతి గదిలోనూ ఒక స్తంభం కట్టాలి.

మేస్త్రీలు వచ్చారు. నూకరత్నం బల్ల ఊడదీశారు. పిల్లలకి ఇటుకలంటే పండగ, తవుడు ఒంటినిండా సిమెంటు పూసుకున్నాడు. స్తంభం పాత గొడౌను ఎత్తుకే కట్టమన్నారు కనక పైకప్పుకి అందలేదు. మధ్యలో జానెడు ఖాళీ. దేన్నీ మొయ్యదు.

చెత్తబుట్ట పక్కన కూర్చున్న రోజుల హాజరు చెల్లదన్నారు, అక్రమ స్థలంలో కూర్చుంది కనక. దసరా ముంగిట్లో ఉంది. నూకరత్నం పేరు కొట్టేశారు.

పాణిగ్రాహి గారి ముందు నిలబడ్డాను. "ఇప్పుడు స్తంభం ఉంది కదండీ. దాని వెనక ఒక బల్ల వేయించండి. ఆవిడ వంగి చూస్తుంది. అచ్చు తీసిన రోజుల్లో ఆ గుంటణ్ణి చూసినట్టే చూస్తుంది. ఇంతకంటే మంచి చోటు లేదు."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "చెత్తబుట్ట పక్కన ఏ పిల్లనీ కూర్చోబెట్టరాదని అదే ఉత్తరువులో ఉందమ్మా. మీ ఫొటో తరవాతే చేర్చారు."

నేను ఆ పిల్లని కాపాడబోయి ఆ ఒక్క చోటూ లేకుండా చేశాను.

సెప్టెంబరు 27, సోమవారం

చీకటితో వస్తుంటే కట్ట మీద పనిబడి పిల్లలు వరసలో వెళ్తున్నారు. నూకరత్నం చివర ఉంది. మెడలో తడిగుడ్డ, చేతిలో తనంత పొడుగు తుడుపుకర్ర. నన్ను చూసి ఆగి, తిన్నగా నిలబడింది. "వచ్చాను టీచర్" అంది.

"కనబడ్డావులే" అన్నాను. ఇంకేం అనగలను? వరస సాగిపోయింది.

హాజరు వేళ బొమ్మ టీచర్ ఒక్కో బల్లనీ చూసుకుంటూ వచ్చింది. స్తంభం దగ్గర నడుము వంచి, మెడ సాచింది. ఇన్నాళ్ళూ వెకిలిగా కనబడిన ఆ వంగడం ఈరోజు ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. బిడ్డని వెతుక్కునే మనిషి అలాగే వంగుతుంది. "అక్కడున్నావా? కనబడ్డావులే" అంది.

ఎవరూ నవ్వలేదు. అందరూ వెనక్కి తిరిగి స్తంభం వెనక్కి చూశారు. తవుడు లేచి నిలబడ్డాడు. పళ్ళు రెండూ వచ్చేశాయి వాడికి, మాట స్పష్టంగా పలుకుతోంది.

"లేదు టీచర్. ఆ పిల్ల ఎల్లిపోనాది."

బొమ్మ టీచర్ స్తంభం వెనక ఉన్న ఖాళీని చూసి నవ్వి, తరవాతి బల్ల వైపు తిరిగింది.